నల్ల రైఫిల్ పైపొరలు

ఏఆర్-15 రకం రైఫిల్‌కు నడుమ ఉండే రెండు పిన్నులను పక్కకు తోస్తే అది రెండుగా విడిపోతుంది. పై భాగంలో గొట్టం, బోల్టు, గురి చూసే సాధనాలు ఉంటాయి. కింది భాగంలో ట్రిగ్గరు, చేతిపిడి, మ్యాగజైను దూరే గూడు, భుజానికి ఆనించే బట్టు ఉంటాయి. ఇంకా విప్పుకుంటూ పోతే చివరికి మిగిలేవి కొన్ని ఉక్కు ముక్కలు, కొన్ని అల్యూమినియం ముక్కలు, కాస్త ప్లాస్టిక్, నాలుగైదు స్ప్రింగులు. అమెరికాలో వీటిలో దాదాపు ప్రతి ముక్కకూ మారు ముక్క బజారులో దొరుకుతుంది. ఒక కంపెనీ గొట్టం, ఇంకో కంపెనీ బట్టు, మరో చోటి ట్రిగ్గరు తెచ్చి, నచ్చిన రంగు వేయించి సొంత రైఫిల్‌ను కూర్చుకోవడం అక్కడ లక్షల మందికి వ్యాపకం. దాని చుట్టూ ఒక పరిశ్రమే పెరిగింది.

పైకి అలంకారంలా కనిపించే ఈ పనికి ఆధారం లోహాల రసాయనం. ఏ లోహం మీద ఏ పొర నిలుస్తుంది, ఎంత మందాన నిలుస్తుంది, ఆ పొర వేసేటప్పుడు లోహానికి ఎంత వేడి తగులుతుంది అన్న మూడు ప్రశ్నలకు జవాబు తెలియకుండా వేసిన పూత ఆయుధాన్ని పాడుచేస్తుంది. కొన్నిసార్లు కీలకమైన ముక్క విరిగేదాకా తెస్తుంది. ఈ ప్రశ్నలను మొదట ఎదుర్కొన్నది తుపాకుల వాళ్ళు మాత్రమే కాదు. విమానాలు, మోటారు కార్లు తయారుచేసినవాళ్ళ దగ్గర దొరికిన జవాబులే ఎక్కువగా ఇటు వచ్చాయి.

విమానాల నుంచి వచ్చిన లోహం

ఈ రైఫిల్ రూపకర్త యూజీన్ స్టోనర్ యవ్వనంలో విమానాల కర్మాగారంలో ఆయుధాలు బిగించే పని చేశాడు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికన్ మెరైన్ దళంలో చేరి అక్కడా విమాన ఆయుధాల విభాగంలోనే పనిచేశాడు. 1950లలో అతను చేరిన ఆర్మలైట్ సంస్థ కూడా ఫెయిర్‌చైల్డ్ అనే విమానాల కంపెనీకి అనుబంధం. అందుకే రైఫిల్ శరీరాన్ని ఉక్కుతో కాకుండా విమానం రెక్కల్లో వాడే అల్యూమినియం మిశ్రమంతో చేయాలన్న ఆలోచన అక్కడ సహజంగా పుట్టింది. మొదట ఏఆర్-10, ఆ తర్వాత దానికంటే చిన్నదైన ఏఆర్-15 వచ్చాయి. 1959లో ఆర్మలైట్ ఆ హక్కులను కోల్ట్ కంపెనీకి అమ్మింది. అదే రూపం అమెరికా సైన్యంలో ఎం16 అయింది.

ఇప్పుడు ఈ శరీరాలకు వాడే, 7075 అన్న అంకెతో పిలిచే మిశ్రమంలో అల్యూమినియంతోపాటు 5 శాతానికి పైగా జింకు, కొంత మెగ్నీషియం, కొంత రాగి ఉంటాయి. ఈ తరగతి మిశ్రమాన్ని 1930లలో జపాన్‌లోని సుమితోమో సంస్థ తయారుచేయగా, అది జీరో యుద్ధవిమానం రెక్కల్లో చేరింది. అమెరికాలో ఆల్కోవా సంస్థ 1943లో 7075ను తెచ్చింది. ఈ లోహానికి బలం వచ్చే తీరు గమనించదగ్గది. ముందు దాన్ని బాగా కాచి, నీళ్ళలో చల్లార్చి, తర్వాత సుమారు 120 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక రోజంతా ఉంచుతారు. ఆ నెమ్మది వేడిలో జింకు, మెగ్నీషియం పరమాణువులు కలిసి కంటికి కనిపించనంత చిన్న గుంపులుగా లోహమంతటా పేరుకుంటాయి. స్ఫటిక పొరలు ఒకదానిమీద ఒకటి జారకుండా అడ్డుపడేవి ఈ గుంపులే. వాటి పరిమాణం సరిగ్గా ఉన్నంతవరకే బలం. తర్వాతెప్పుడైనా ఎక్కువ వేడి తగిలితే గుంపులు పెద్దవై, వాటి మధ్య దూరం పెరిగి, లోహం మెత్తబడుతుంది. రంగు వేసేవాడికి 120 అన్న ఈ అంకె ఎందుకు ముఖ్యమో ముందుముందు తేలుతుంది.

1970లలో కోల్ట్ పేటెంట్లకు కాలం తీరింది. సైన్యం కోసం గీసిన నమూనా చిత్రాల కొలతలే అందరికీ ప్రమాణమయ్యాయి. ఒక ఊళ్ళో చేసిన గొట్టం వేరే రాష్ట్రంలో చేసిన శరీరంలో సరిగ్గా దిగడానికి కారణం ఈ ఉమ్మడి కొలతలే. అయితే ఆ కొలతలు పూత వేసిన తర్వాత ముక్క ఎంత ఉండాలో చెబుతాయి. కాబట్టి పూత మందం కూడా కొలతలో భాగమే.

లోపలికీ బయటికీ పెరిగే పొర

అల్యూమినియాన్ని గాలిలో ఉంచిన క్షణమే దాని మీద ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. కొన్ని నానోమీటర్లకు మించని ఆ పొర లోహాన్ని గట్టిగా అంటిపెట్టుకుని, కింద ఉన్నదాన్ని కాపాడుతుంది. ఇనుము తుప్పు ఇలా అంటిపెట్టుకోదు. ఉబ్బి, పెళుసుబారి, రాలిపోయి, కొత్త లోహాన్ని గాలికి బయటపెడుతుంది. అల్యూమినియంకున్న ఈ స్వభావాన్ని వెయ్యి రెట్లు, పదివేల రెట్లు పెంచడమే ఆనోడైజింగ్. 1920లలో బ్రిటన్‌లో సముద్రపు నీటి మీద దిగే విమానాల భాగాలను కాపాడటానికి ఈ పద్ధతి మొదలైంది.

పలచటి సల్ఫ్యూరిక్ ఆమ్లం తొట్టిలో ముక్కను వేలాడదీసి దాన్ని విద్యుత్తు ధనాగ్రానికి కలుపుతారు. ఆక్సిజన్ అయాన్లు లోహం వైపు, అల్యూమినియం అయాన్లు ఆమ్లం వైపు కదులుతాయి. ఆక్సైడ్ ఒక పక్క పెరుగుతుంటే ఆమ్లం ఇంకో పక్క దాన్ని కొద్దికొద్దిగా కరిగిస్తుంటుంది. ఈ రెండింటి పోటీ వల్ల పొర చదునుగా కాకుండా తేనెపట్టులా, ఆరు పలకల గదులతో, ప్రతి గది నడుమ సన్నని బెజ్జంతో నిలువుగా పెరుగుతుంది. మామూలు ఆనోడైజింగ్ గది ఉష్ణోగ్రత దగ్గర జరుగుతుంది. తుపాకీ శరీరాలకు చేసేది గట్టిపొర రకం: తొట్టిని సున్నా డిగ్రీల దగ్గరకు చల్లబరచి, విద్యుత్తును పెంచుతారు. చలికి ఆమ్లం కరిగించే వేగం తగ్గిపోతుంది కాబట్టి పొర దళసరిగా, గట్టిగా పెరుగుతుంది. దీని మందం సాధారణంగా 50 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. ఈ ఆక్సైడ్ ప్రకృతిలో కురువిందంగా, కెంపుగా, నీలంగా కనిపించే పదార్థానికి దగ్గరి చుట్టం. ఉక్కు ఆకురాయి దాని మీద జారిపోతుంది.

ఆ 50 మైక్రాన్లలో సుమారు సగం ఒకప్పుడు లోహం ఉన్న చోటులోకి చొచ్చుకుపోతుంది, మిగతా సగం ఉపరితలానికి పైన లేస్తుంది. కాబట్టి ప్రతి ముఖమూ 25 మైక్రాన్లు బయటికి జరుగుతుంది. గుండ్రటి బెజ్జంలో రెండు వైపులా జరగడం వల్ల వ్యాసం 50 మైక్రాన్లు తగ్గుతుంది. ట్రిగ్గరు తిరిగే ఇరుసు పిన్ను వ్యాసం 4 మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. ఆ బెజ్జాన్ని పొరకు చోటు వదిలి కొంచెం పెద్దగా తొలవకపోతే పిన్ను దూరదు. సుత్తితో కొట్టి దూర్చితే పొర పగిలి, ఇరుసు వంకరగా నిలిచి, ట్రిగ్గరు, తూటాను పేల్చే లోపలి సుత్తి కలిసే అంచులు తప్పుగా తగులుతాయి. ఒకసారి ఆనోడైజ్ చేసినదాన్ని రసాయనంతో ఊడబెరికి మళ్ళీ చేయిస్తే ఇంకో చిక్కు వస్తుంది: మొదటి పొరతోపాటు కొంత అసలు లోహమూ పోయింది గనుక బెజ్జాలు ఇప్పుడు వదులవుతాయి. రంగు మార్చుకోవాలన్న కోరికతో చేసే ఈ పని వల్ల ముక్క ఆయుష్షు నిజంగానే తరుగుతుంది.

సన్నని బెజ్జాలున్న పొర రంగును పీల్చుకుంటుంది. నల్ల అద్దకం తొట్టిలో ముంచి, ఆ తర్వాత వేడినీటిలోనో నికెల్ అసిటేట్ ద్రావణంలోనో ఉడికిస్తే ఆక్సైడ్ నీటిని కలుపుకుని ఉబ్బుతుంది, బెజ్జాల నోళ్ళు మూసుకుపోతాయి, రంగు లోపలే ఉండిపోతుంది. ఈ మూత సరిగా పడకపోయినా, అద్దకం నాసిరకమైనా కొన్ని ఏళ్ళ ఎండకు నలుపు వంగపండు రంగుకు దిగుతుంది. పై భాగం ఒక కర్మాగారంలో, కింది భాగం ఇంకో కర్మాగారంలో చేసిన రైఫిల్‌లో ఒకటి నల్లగా, ఒకటి ఊదాగా కనిపించడానికి ఇదే కారణం. బలానికి లోటేమీ లేదు.

కంటికి నల్లగా ఉన్నదంతా రాత్రి చూపు పరికరానికి నల్లగా ఉండాలని లేదు. చాలా నల్ల అద్దకాలు కంటికి కనిపించే కాంతిని మింగి, దాని పక్కనే ఉండే సమీప పరారుణ కాంతిని అలాగే వదిలేస్తాయి. ఆ కాంతి కింద ఉన్న అల్యూమినియాన్ని తాకి వెనక్కి వస్తుంది. ఫలితంగా పగలు కారునల్లగా ఉన్న ముక్క రాత్రి పరికరంలో తెల్లగా మెరుస్తుంది. సైన్యాలు పూతలకు పరారుణ కాంతిలోనూ పరీక్ష పెట్టడం ఇందుకే.

ఆనోడైజింగ్ తర్వాతి మెట్టు మీద హైదరాబాద్‌లో చెప్పుకోదగ్గ పని జరిగింది. బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ పరిశోధన కేంద్రం మైక్రో ఆర్క్ ఆక్సిడేషన్ అనే పద్ధతిని అభివృద్ధి చేసింది. ఇందులో ఆమ్లానికి బదులు పలచటి క్షార ద్రావణం, పదుల వోల్టులకు బదులు వందల వోల్టులు వాడతారు. ముక్క ఉపరితలమంతటా చిన్నచిన్న నిప్పురవ్వలు పుట్టి ఆరిపోతుంటాయి. ప్రతి రవ్వ దగ్గరా ఆక్సైడ్ కరిగి మళ్ళీ గడ్డకట్టి, అసలైన కురువింద స్ఫటికంగా మారుతుంది. అరిగిపోయే యంత్రభాగాలకు ఉద్దేశించిన ఈ పొర ఆనోడైజింగ్ కంటే గట్టిది, దళసరిది.

ఉక్కుకు నలుపు

గొట్టం, బోల్టు, పిన్నులు, స్ప్రింగులు ఉక్కువి. ఉక్కును కాపాడటానికి తుపాకీ పనివాళ్ళు శతాబ్దాల కిందటే కనిపెట్టిన ఉపాయం తుప్పునే తుప్పుకు అడ్డు పెట్టడం. ఎర్ర తుప్పు వదులుగా ఉంటుంది. అదే ఇనుము, అదే ఆక్సిజన్ వేరే పాళ్ళలో కలిసిన మాగ్నటైట్ నల్లగా, చిక్కగా ఉండి లోహాన్ని పట్టుకుంటుంది. పాత పద్ధతిలో గొట్టాన్ని నూనె మరక లేకుండా తుడిచి, ఆమ్లం కలిసిన లేపనం పూసి, తేమ గదిలో వేలాడదీసేవారు. కొన్ని గంటలకు మెత్తటి ఎర్ర తుప్పు నూగులా లేచేది. అప్పుడు మరిగే నీటిలో ముంచితే ఎరుపు నల్లబడేది. వదులుగా మిగిలిన మసిని సన్నని తీగల బ్రష్షుతో గీకేసి మళ్ళీ లేపనం, మళ్ళీ తేమ, మళ్ళీ మరిగే నీళ్ళు. ఇలా చాలాసార్లు చేశాక వచ్చే నీలినలుపుకు సాటివచ్చే అందం ఇప్పటి ఏ పూతకూ లేదు. దానికి పట్టే రోజులు ఏ కర్మాగారమూ భరించలేదు. అందుకే తీవ్రమైన క్షారమూ నైట్రేటూ కలిపిన ద్రావణాన్ని సుమారు 140 డిగ్రీల దగ్గర మరిగించి అందులో ముంచే పద్ధతి వాడుకలోకి వచ్చింది. అరగంటలో పని ముగుస్తుంది. వచ్చే పొర రెండు మూడు మైక్రాన్లే. ఎండా వానా ఓర్చుకోవడానికి అది చాలదు; నూనె రాస్తూ ఉండాల్సిందే. ఈ క్షార ద్రావణం అల్యూమినియాన్ని కరిగించేస్తుంది గనుక ఒక లోహం పద్ధతి ఇంకో లోహానికి పనికిరాదు.

లోహం ఒంటిమీది రసాయనాన్ని ఇలా ఎంచి వాడుకోవడం దక్కన్‌కు కొత్త కాదు. బీదరులో, హైదరాబాద్‌లో బిద్రీ పనివాళ్ళు జింకు ఎక్కువగా, రాగి కొద్దిగా ఉన్న మిశ్రమంతో పాత్ర పోసి, వెండి తీగ పొదిగి, బీదరు కోట మట్టిని నవాసారంతో కలిపి రుద్దుతారు. జింకు మిశ్రమం కారునల్లబడుతుంది. వెండి మాత్రం వెండిలాగే ఉంటుంది. అది అందం కోసం చేసే పని అయినా, తొట్టిలో ఏ లోహం స్పందిస్తుంది, ఏది స్పందించదు అన్న ఎరుక రెండు చోట్లా ఒకటే.

సైనిక రైఫిళ్ళకు మెరుపు పనికిరాదు. మెరుపు దూరానికి ఆచూకీ ఇస్తుంది. ఫాస్ఫేటు పొర అక్కడ నెగ్గింది. బర్మింగ్‌హామ్‌కు చెందిన థామస్ వాట్స్ కాస్లెట్ 1906లో ఈ పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. అమెరికాలో డెట్రాయిట్ నగరంలో 1915లో మొదలైన పార్కర్ కంపెనీ దాన్ని పరిశ్రమగా మార్చింది. అందుకే దానికి పార్కరైజింగ్ అన్న పేరు స్థిరపడింది. వేడి ఫాస్ఫరిక్ ఆమ్లంలో జింకు గాని మాంగనీసు గాని కరిగించి ఉక్కును ముంచుతారు. ఆమ్లం ఉక్కును కాస్త కొరుకుతుంది, హైడ్రోజన్ బుడగలు లేస్తాయి. కొరికినచోట ఆమ్లం బలం తగ్గడంతో అక్కడే ఫాస్ఫేటు కరగలేక స్ఫటికాలుగా పేరుకుంటుంది. ఈ బూడిదరంగు గరుకు పొర తనంతట తాను తుప్పును పెద్దగా ఆపదు. స్ఫటికాల సందుల్లో నూనెను పట్టి ఉంచుతుంది. కాపాడేది ఆ నూనె. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికన్ రైఫిళ్ళు లక్షల సంఖ్యలో ఇలాగే బయటికి వచ్చాయి. పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ కర్మాగారం రైఫిళ్ళ మీద నల్ల ఎనామెల్ రంగు వేసేవారు. తేమ ఎక్కువగా ఉండే దేశానికి అది తగిన నిర్ణయమే.

వియత్నాంలో తేలిన నిజం

పైపొరను చిన్న విషయంగా చూస్తే ఏమవుతుందో 1966, 1967 సంవత్సరాల్లో అమెరికన్ సైనికులు ప్రాణాలిచ్చి చూపించారు. వియత్నాం అడవుల్లోకి పంపిన తొలి ఎం16 రైఫిళ్ళలో తూటా కూర్చునే గదికి క్రోమియం పూత లేదు. అంతకుముందు రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ తన టైప్ 99 రైఫిల్ గొట్టాల లోపల క్రోమియం వేసింది. సోవియట్ ఏకే రైఫిళ్ళలోనూ ఉంది. ఉష్ణమండలపు తేమలో ఉక్కు గొట్టం ఎంత త్వరగా గుంటలు పడుతుందో ఆ దేశాలకు తెలుసు. అమెరికా సైన్యం ఆ ఖర్చు వద్దనుకుంది. దానికి తోడు తూటాల్లోని మందు రకాన్ని మార్చారు. కొత్త మందు మసి ఎక్కువ మిగిల్చింది, బోల్టు వేగాన్ని పెంచింది. శుభ్రం చేసుకునే సామగ్రి సరిపడా పంపలేదు. ఈ రైఫిల్‌కు శుభ్రతే అక్కర్లేదన్న మాట అప్పటికే ప్రచారంలో ఉంది.

కాల్చినప్పుడు ఇత్తడి తొడుగు ఉబ్బి గది గోడకు ఒత్తుకుంటుంది, ఆ వెంటనే కాస్త కుంచించుకుని వదులవుతుంది. గోడ నున్నగా ఉంటేనే ఆ వదులు పనికొస్తుంది. తుప్పు తిన్న గుంటల్లోకి మెత్తటి ఇత్తడి చొచ్చుకుపోతే ఇక రాదు. లాగే కొక్కెం తొడుగు అంచును చించుకుని ఖాళీగా వస్తుంది. యుద్ధం మధ్యలో సైనికుడు గొట్టంలోకి కడ్డీ దూర్చి ఖాళీ తొడుగును పొడిచి తీయాల్సి వచ్చేది. సైనికుల ఉత్తరాలు, వాళ్ళ తల్లిదండ్రుల ఉత్తరాలు ప్రజాప్రతినిధులకు చేరాయి. రిచర్డ్ ఐకార్డ్ అధ్యక్షతన కాంగ్రెస్ ఉపసంఘం విచారణ జరిపి 1967 అక్టోబరులో సైన్యాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. గదికి క్రోమియం పూత వచ్చింది, తర్వాత గొట్టం పొడవునా వచ్చింది. జేబులో పట్టే శుభ్రత సామగ్రి, బొమ్మలతో చెప్పే చిన్న పుస్తకం పంచారు. కొన్ని మైక్రాన్ల లోహాన్ని మిగుల్చుకోబోయి చేసిన ఈ తప్పుకు క్షమ ఉండకూడదు.

క్రోమియం గట్టిది, 1,900 డిగ్రీల దాకా కరగదు, వేడి మందువాయువుల కోతకు ఓర్చుకుంటుంది. దానికీ లోపాలున్నాయి. విద్యుత్ పూత పదునైన అంచుల దగ్గర దళసరిగా, లోతుల్లో పలచగా పడుతుంది కాబట్టి గొట్టం లోపలి కొలత ఒకే తీరుగా ఉండదు. అత్యంత కచ్చితమైన గురి కోరుకునేవారు పూత లేని స్టెయిన్‌లెస్ గొట్టాన్ని ఎంచుకోవడానికి ఇదే కారణం. పూత తొట్టిలో వాడే ఆరు సంయోజకత క్రోమియం క్యాన్సర్ కలిగించే పదార్థం. అక్కడ పనిచేసేవారి ఊపిరితిత్తుల లెక్క కూడా పూత ధరలో చేరాలి.

ఈ రెండు లోపాలూ లేని మార్గం నైట్రైడింగ్. 1920లలో జర్మనీలోని ఎసెన్ నగరంలో, క్రుప్ సంస్థలో అడాల్ఫ్ ఫ్రై దీన్ని ఉక్కుకు పనికొచ్చేలా అభివృద్ధి చేశాడు. ఇప్పుడు తుపాకీ గొట్టాలకు వాడేది దాని తర్వాతి రూపం: సుమారు 570 డిగ్రీల దగ్గర కరిగిన లవణాల తొట్టిలో ముంచితే నత్రజని, కర్బనం ఉక్కులోకి ఇంకుతాయి. ఇక్కడ పైన వేసింది ఏమీ లేదు, ఉన్న ఉక్కే మారిపోతుంది. కొలతలు దాదాపు మారవు. ఆస్ట్రియాలో 1980లలో వచ్చిన గ్లాక్ పిస్తోళ్ళతో ఈ పద్ధతికి పేరు వచ్చింది. అయితే అంతకంటే తక్కువ వేడిలో పదును పెట్టిన ఉక్కును ఆ తొట్టిలో ముంచితే లోపలి గట్టిదనం పోతుంది. పైన గాజులా గట్టి, లోపల మెత్తన అయిన బోల్టు చెవులు (గొట్టం వెనక బిగుసుకునే పళ్ళు) దెబ్బకు ఆగవు.

బోల్టుకు బంగారు రంగు కావాలనుకునేవారు టైటానియం నైట్రైడ్ వేయించుకుంటారు. శూన్య గదిలో ఆవిరిగా వచ్చి పడే ఆ పొర మూడు నాలుగు మైక్రాన్లే అయినా ఉక్కుకంటే ఎన్నో రెట్లు గట్టిది; లోహాన్ని కోసే డ్రిల్లు మొనల మీద కనిపించే పసుపు రంగు అదే. ఇంట్లో గాని, అనుభవం లేని చోట గాని చేసే విద్యుత్ పూతతో అసలు ప్రమాదం వేరే ఉంది. ఆమ్లం తొట్టిలో పుట్టే హైడ్రోజన్ పరమాణువులు బలమైన ఉక్కు లోపలికి దూరి, స్ఫటికాల హద్దుల్లో చేరి, లోహాన్ని పెళుసు చేస్తాయి. పైకి ఏమీ కనిపించదు. కొన్నాళ్ళకు భారం పడుతున్నప్పుడు బోల్టు చెవి గాని స్ప్రింగు గాని ఉన్నట్టుండి విరుగుతుంది. పూత వేసిన వెంటనే సుమారు 190 డిగ్రీల దగ్గర గంటల తరబడి కాచి హైడ్రోజన్‌ను వెళ్ళగొట్టడం తప్పనిసరి.

రంగు, కొలిమి, గురి

ఇసుకరంగు, ఆకుపచ్చ, మచ్చల రంగులన్నీ ఎక్కువగా సెరాకోట్ వంటి పింగాణీ రేణువులు కలిసిన పాలిమర్ పూతలతో వస్తాయి. ముక్కను ముందు అల్యూమినియం ఆక్సైడ్ రేణువులతో ఊది గరుకు చేస్తారు. నూనె మరక ఉంటే కనిపించేలా ఒకసారి కాచి చూస్తారు. మరక చెమర్చితే మళ్ళీ కడుగుతారు. అప్పుడు రంగు చిమ్మి, పొయ్యిలో 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచుతారు. పొర 25 మైక్రాన్లు.

7075 అల్యూమినియానికి బలం ఇచ్చిన వేడి కూడా సుమారు 120 డిగ్రీలే కాబట్టి ఈ పొయ్యి దాన్ని పాడుచేయదు. గేట్లకు, కుర్చీలకు వేసే పొడి రంగు పూత 200 డిగ్రీల దగ్గర గట్టిపడుతుంది. అదే పూత తుపాకీ శరీరానికి వేయిస్తే లోహంలోని చిన్న గుంపులు పెద్దవవుతాయి, బలం తగ్గుతుంది, రంగు మాత్రం చక్కగా ఉంటుంది. కొనేవారికి చెప్పాల్సిన విషయాల్లో ఇంతకు మించినది లేదు.

పూత మందం ప్రభావం గురి మీద కూడా పడుతుంది. గురి సాధనాలు బిగించే పట్టాకు అమెరికా సైన్యం 1995 ఫిబ్రవరిలో ప్రమాణం నిర్ణయించింది. న్యూజెర్సీలోని పికాటిన్నీ ఆయుధాగారం పేరు దానికి వచ్చింది. పట్టా పొడవునా 5.23 మిల్లీమీటర్ల వెడల్పు గాడులు, ఒక గాడి నడుమ నుంచి తర్వాతి గాడి నడుమకు 10.01 మిల్లీమీటర్లు. 100 మిల్లీమీటర్ల పొడవున్న గురి సాధనం అడుగున ఒక కొస దగ్గర రంగు 25 మైక్రాన్లు దళసరిగా పడిందనుకుంటే, ఆ వాలు 4,000లో 1 వంతు. 100 మీటర్ల దూరంలో అది 25 మిల్లీమీటర్ల తేడా అవుతుంది. పట్టా మీద రంగు పడకుండా కాగితం అంటించి కప్పేసి మిగతా చోట మాత్రమే చిమ్మే పనివాడికి ఈ లెక్క తెలిసే ఉంటుంది.

ఈ పట్టాలు ముందు పైన మాత్రమే ఉండేవి. 1990లలో ప్రత్యేక దళాల కోసం దీపం, లేజరు, ముందు పిడి వంటివి మార్చుకునే సామగ్రి తయారయ్యాక పట్టాలు నాలుగు వైపులా వచ్చాయి. బరువు, చేతికి గుచ్చుకునే అంచులు పెరిగాయి. తర్వాతి తరం చేతిపట్టులో పళ్ళ పట్టాకు బదులు ఖాళీ గాడులు తొలిచి, కావలసిన చోట మాత్రమే ముక్క బిగించే ఏర్పాటు చేశారు. కీమాడ్, ఎంలాక్ అనే రెండు పద్ధతులు పోటీపడ్డాయి. ఇండియానాలోని క్రేన్ నౌకాదళ కేంద్రం రెండింటినీ పరీక్షించింది. 2017లో వెలువడిన ఫలితాల్లో తీసి మళ్ళీ బిగించినప్పుడు అదే చోట నిలవడంలో, దెబ్బకు ఓర్చడంలో ఎంలాక్ ముందుంది.

ఉమ్మడి కొలతలున్నా తికమకలు పోలేదు. బట్టు ఎక్కే అల్యూమినియం గొట్టం సైనిక కొలతలో సుమారు 29.2 మిల్లీమీటర్ల వ్యాసం, వ్యాపార కొలతలో 29.7. అర మిల్లీమీటరు తేడాతో ఒకదాని బట్టు ఇంకోదానికి ఎక్కదు, లేదా వదులుగా ఊగుతుంది. అలాగే గొట్టం పొడవు మారిస్తే వాయువు బోల్టును నెట్టే సమయం మారుతుంది, దానితో వెనక స్ప్రింగు ముందుండే బరువునూ మార్చాలి. ఒక ముక్క మార్చినవాడు దాని పొరుగు ముక్కలను చూడక తప్పదు.

చట్టం చూసే ముక్క

అమెరికా చట్టంలో ఈ రైఫిల్‌లో తుపాకీగా లెక్కకు వచ్చేది ట్రిగ్గరు ఉండే కింది శరీరం. సంఖ్య చెక్కాల్సింది దాని మీదే. మిగతావన్నీ విడిభాగాలుగా అమ్ముడుపోతాయి. గొట్టం 16 అంగుళాల కంటే పొట్టిదైతే 1934 నాటి చట్టం కింద వేరే నమోదు ఉంది. ఇలాంటి రైఫిళ్ళ మీద 1994 నుంచి 2004 వరకు అమలులో ఉన్న నిషేధం మడిచే బట్టు, మంటను చెదరగొట్టే మూతి, కత్తి తగిలించే కొక్కెం వంటి లక్షణాలను లెక్కపెట్టింది. తయారీదారులు ఆ ముక్కలు తీసేసి అదే రైఫిల్‌ను అమ్మారు. విడిభాగం ఎంత ఘోరానికి దారితీస్తుందో 2017 అక్టోబరు 1న లాస్ వేగాస్‌లో తేలింది. బట్టు స్థానంలో బిగించి రైఫిల్‌ను వరసగా, వేగంగా పేల్చే బంప్ స్టాక్ సాయంతో ఒక వ్యక్తి సంగీత ఉత్సవంలోని జనం మీద కాల్పులు జరిపి 58 మందిని ఆ రాత్రే బలిగొన్నాడు. తర్వాత ఆ ముక్కను ప్రభుత్వం నిషేధించింది. 2024 జూన్‌లో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది.

భారతదేశంలో దారి వేరు. 1959 ఆయుధాల చట్టం కింద ఇటువంటి సైనిక రైఫిళ్ళు పౌరులకు అందుబాటులో లేవు. అదే చట్టం ఆరో సెక్షను అనుమతి లేకుండా గొట్టాన్ని పొట్టి చేయడాన్ని నిషేధిస్తుంది. 2019 సవరణ ఒక తరగతి తుపాకీని ఇంకో తరగతిగా మార్చడాన్ని కూడా దానిలో చేర్చింది, ఒకరి దగ్గర ఉండదగ్గ తుపాకులను మూడు నుంచి రెండుకు తగ్గించింది. ఈ కుటుంబపు రైఫిళ్ళ తయారీ ఇక్కడ సాయుధ దళాల కోసమే. హైదరాబాద్‌కు చెందిన ఐకామ్ సంస్థ యూఏఈకి చెందిన కరాకల్‌తో కలిసి ఈ రంగంలో అడుగుపెట్టింది.

ఎనిమిదో సెక్షను తుపాకీ మీది గుర్తింపు సంఖ్యను చెరపడాన్నీ మార్చడాన్నీ నేరంగా చూస్తుంది. పాత పూత గీకి కొత్తది వేసే పనివాడు మొదట కాపాడాల్సింది ఆ సంఖ్యనే. అమెరికా నిబంధన ప్రకారం సంఖ్య లోతు కనీసం 0.003 అంగుళం, అంటే సుమారు 76 మైక్రాన్లు ఉండాలి. 25 మైక్రాన్ల రంగు గాడిలోనూ గట్టు మీదా సమానంగా పడితే సంఖ్య చదవడానికి వీలుగానే ఉంటుంది. రెండుసార్లు, మూడుసార్లు పూత వేస్తే, పైగా ఇసుక ఊదడంలో అంచులు అరిగితే, మసకబారుతుంది. నేరం దాచడానికి ఆకురాయితో గీకేసినా ఉక్కులో సంఖ్య పూర్తిగా పోదు. ముద్ర కొట్టినప్పుడు దెబ్బ కింద ఉన్న స్ఫటికాలు కనిపించే గాడికంటే చాలా లోతు వరకు నలిగి ఉంటాయి. నలిగిన లోహం, నలగని లోహం ఆమ్లానికి వేరువేరుగా స్పందిస్తాయి. నేరపరిశోధన ప్రయోగశాలలో ఆ చోటును అద్దంలా నునుపుచేసి, రాగి క్లోరైడు, హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిసిన ద్రావణంలో ముంచిన దూదితో తుడుస్తూ ఉంటే అంకెలు మెల్లగా తేలతాయి. నైట్రైడింగ్‌ను రూపొందించిన అడాల్ఫ్ ఫ్రై పేరే ఆ ద్రావణానికీ ఉంది. ఒత్తిడికి లోనైన ఉక్కులో జారిన రేఖలను చూడటానికి అతను 1921లో దాన్ని ప్రకటించాడు. అల్యూమినియం మీద అది పనిచేయదు. దానికి వేరే ద్రావణాలు వాడాలి, ఫలితం కూడా అంత స్పష్టంగా రాదు.